మూడో గుంట తేటపడ్డ వారం

సోమవారం మధ్యాహ్నం బస్సు దిగి, సంచీ భుజాన వేసుకుని గట్టెక్కినవాడికి కాళ్ళ కింద నేల కదిలినట్టయింది. ఎదురుగా మూడో గుంటలో నీళ్ళు అద్దంలా మెరుస్తున్నాయి.

ఇంకొకడైతే సంతోషించేవాడే. కానీ ఆ గుంటల కాపలాదారుకి మాత్రం ఒళ్ళంతా చెమట పట్టింది.

ఎనభై ఇళ్ళ మురుగునీళ్ళని మూడు గుంటల్లో వరసగా నిలబెట్టి, మంచి చేసి, వాగులోకి వదలడం అతని ఉద్యోగం. మూడు గుంటలకీ అతనే దిక్కు కాబట్టి కాలనీవాళ్ళు "మారాజు" అని పేరు పెట్టారు. వెక్కిరింపుగా పెట్టిన పేరే. పదేళ్ళు పోయేసరికి వెక్కిరింపు అరిగిపోయి పేరు మాత్రం మిగిలింది. అతను వాటిని గుంటలనేవాడు కాదు, చెరువులనేవాడు. అలా అనేవాడు కాలనీ మొత్తానికి అతనొక్కడే.

ఆ పనిలో మోటార్ల మోత లేదు, పొగగొట్టాలు లేవు. ఇళ్ళలోంచి వచ్చింది వచ్చినట్టు మొదటి గుంటలో పడి బరువంతా అడుక్కి దించుకుంటుంది. అక్కడ నీళ్ళు నల్లన. రెండో గుంటకి వచ్చేసరికి కాస్త ఆకుపచ్చ. మూడోదానికి వస్తే ముదురాకుపచ్చ. ఆ పచ్చదనమే అసలు పనివాడు. కంటికి ఆననంత సన్నటి నాచు ఎండ తిని ఊపిరి వదులుతుంది. ఆ ఊపిరి పీల్చుకుని నీళ్ళలో సూక్ష్మజీవులు మురికిని తినేస్తాయి. ఒక్కో చుక్కా ఈ మూడు గుంటలూ దాటి తూము దగ్గరికి చేరడానికి నెల పడుతుంది.

మూడో గుంట ఎంత పచ్చగా ఉండేదంటే, పొద్దున్న దిగిన తెల్లబాతు సాయంత్రానికి చిలకై ఎగిరిపోయిందట. ఈ సంగతి చెప్పింది మూల దుకాణంలో టైలరు. టైలరు మాటల్లో సగం కత్తిరించి పారెయ్యాలి గానీ, మిగతా సగాన్ని నమ్మినా ఆ గుంట ఎంత పచ్చనిదో తెలుస్తుంది.

అలాంటి గుంట ఇప్పుడు అడుగు కనిపించేలా ఉంది. గట్టు మీద జనం. పదేళ్ళుగా ముక్కు మూసుకుని పరుగెత్తినవాళ్ళు ఇవాళ కుర్చీలు తెచ్చుకుని కూర్చున్నారు. ఒకావిడ స్వెటరు అల్లుకుంటోంది.

"రావయ్యా మారాజూ!" అని టైలరు దూరం నుంచే కేకేశాడు. "ఇన్నాళ్ళూ ఈ విద్య ఎక్కడ దాచావు? మా ఇంట్లో తాగే నీళ్ళు కూడా ఇంత తేటగా లేవు. రేపట్నుంచి బిందె పట్టుకొస్తా."

"ఎవరు చేశారిది?"

"ఇంకెవరు? మీ మామగారే!"

మామగారు గట్టు చివర నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉన్నాడు. యుద్ధం గెలిచినవాడి వాలకం. నలభై ఏళ్ళు ఒక క్లబ్బులో ఈతకొలను చూసుకున్న మనిషి. ఆ కొలనులో చీమ పడితే ఆ చీమ నీడ కూడా అడుగున కనపడేదని చెప్పుకునేవాడు. కిందటేడు క్లబ్బువాళ్ళు కొలను పూడ్చి కార్లు నిలుపుకునే చోటు చేసుకున్నారు. అప్పట్నుంచి ఆయన్ని ఎవరూ ఏ పనీ అడగలేదు. నెల కిందట కూతురింటికి వచ్చి, కిటికీలోంచి ఈ పచ్చనీళ్ళని చూసి రోజూ నిట్టూర్చేవాడు. అల్లుడు రెండ్రోజుల శిక్షణకని పట్నం వెళ్ళగానే ఆయన చేతులు ఊరుకోలేదు. ఆదివారం తెల్లారకముందే అల్లుడి చిన్న పడవ వేసుకుని, క్లబ్బు నుంచి తెచ్చుకున్న బ్లీచింగ్ పౌడరు మూడు బస్తాలు చల్లి, ఒక బస్తా పటిక తిప్పి, నాచునంతా చంపి అడుక్కి దింపేశాడు.

"ఎలా ఉంది అల్లుడూ?" అన్నాడు. ముఖం చేటంతయింది.

కొంప ముంచారు మామయ్యా అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఆయన కళ్ళల్లో ఆ వెలుగు చూశాక అది వచ్చిన దారినే వెనక్కి పోయింది.

"తేటగా ఉంది," అన్నాడు.

విషయం ఏమిటంటే, శుక్రవారం నీళ్ళ పరీక్షల మేడమ్ వస్తుంది. తూములోంచి బయటికి పోయే నీళ్ళు శాంపిలు తీస్తుంది. పాసైతే గుంటలకి ఇంకో ఐదేళ్ళ అనుమతి. ఫెయిలైతే గుంటలు పూడ్చేసి, మురుగుని పైపులో పట్నానికి పంపేస్తారు. గుంటలతోపాటు ఉద్యోగమూ, గట్టు మీది ఇల్లూ పోతాయి. ఇది చాలదన్నట్టు మందు కలిసిన నీళ్ళు ఒక్క చుక్క వాగులోకి పోయిందని తేలితే శాంపిలు దాకా కూడా అక్కర్లేదు. అనుమతి అక్కడికక్కడే రద్దు.

అతను తూము దగ్గరికి పరుగెత్తాడు. తూము పలకలు దించేసి ఉన్నాయి. సందుల్లో గుడ్డలు కూడా గట్టిగా కుక్కి ఉన్నాయి. హమ్మయ్య అనుకున్నాడు. మరుక్షణమే ఆ హమ్మయ్య ఆవిరైపోయింది. మూసినది ఎప్పుడు? మందు వేయకముందా, వేశాకా?

"తూము ఎప్పుడు మూశారు మామయ్యా?"

మామగారి ముఖం ముడుచుకుంది. "ఏమన్నావు?"

"అదే, మందు ముందా, తూము ముందా అని..."

"నలభై ఏళ్ళు నీళ్ళు చూసినవాణ్ణి పట్టుకుని తూము ఎప్పుడు మూశావని అడుగుతావా? రేపు నీళ్ళు తడిగా ఉంటాయా అని కూడా అడుగు!" అని చెప్పులు టపటపలాడించుకుంటూ ఇంట్లోకి పోయి పడుకున్నాడు. అంతే, ఆ ప్రశ్నకి జవాబు దుప్పటి కిందికి వెళ్ళిపోయింది.

అదలా ఉండగా, తూము దగ్గర నీళ్ళ అడుగున ఏదో తళుక్కుమంది. వంగి చూశాడు. గడియారం. పెళ్ళిలో మామగారు పెట్టిన గడియారమే. రెండేళ్ళ కిందట పడవలోంచి జారి పడిపోతే, "రిపేరుకిచ్చాను మామయ్యా, ఇంకా రాలేదు" అని ఇప్పటిదాకా నెట్టుకొస్తున్నాడు. జనం ముందు చెయ్యి పెట్టలేక వదిలేసి, సాయంత్రం అందరూ పోయాక వస్తే అక్కడ లేదు.

ఆ రోజు నుంచి మారాజు కాలు నిలిస్తే ఒట్టు.

గంటగంటకీ మీటరు పట్టుకుని పడవెక్కేవాడు. నీళ్ళలో ఊపిరి ఎంతుందో ఆ మీటరు చెబుతుంది. సోమవారం సాయంత్రం అంకె నాలుగున్నర. మంగళవారం పొద్దున మూడు. మధ్యాహ్నం రెండున్నర. అంకె చూసి పుస్తకంలో రాసుకుని, గట్టు దిగి ఇంటికొచ్చి, కుర్చీ అంచున కూర్చుని, ఈలోగా తగ్గిందేమోనని మళ్ళీ లేచేవాడు. అన్నంలో చెయ్యి పెట్టి మర్చిపోయేవాడు. వాగు పొడవునా రెండు మైళ్ళు నడిచి చచ్చిన చేపలేమైనా తేలాయా అని వెతికాడు. ఒక్కటి కనపడింది. కర్రతో కదిపితే అది ఎవరో పారేసిన రబ్బరు చెప్పు.

"కాలు కాలిన పిల్లిలా ఏంటి ఈ తిరుగుడు?" అంది భార్య. "గట్టు అరిగిపోతోంది. ఇంకో నాలుగు రోజులు తిరిగితే గుంటలు మూడూ కలిసి ఒకటవుతాయి."

"మీ నాన్న ఏం చేశాడో తెలుసా నీకు?"

"తెలుసు." ఆమె గొంతు తగ్గించింది. "నిన్న నువ్వు ఆ నీళ్ళవైపు చూసినప్పుడే తెలిసింది. కానీ చెప్పకు. ఏడాది నుంచి ఆయన నవ్వగా నేను చూడలేదు. నిన్న స్వెటరు ఆవిడ 'మీ నాన్నగారు గొప్పోరమ్మా' అంటే లోపల కూర్చుని కళ్ళు తుడుచుకున్నాడు."

"మరి శుక్రవారం?"

ఆమె మీటరు తెచ్చి చేతికిచ్చింది.

మంగళవారం ఎండకి మందు ఘాటు పోయింది. మారాజు రెండో గుంటలో పంపు పెట్టి, ఆ పచ్చనీళ్ళని మూడోదాంట్లోకి తోడడం మొదలుపెట్టాడు. పాలకి తోడు వేసినట్టే ఈ పని కూడా. కాస్త పచ్చ పడితే, ఎండ బాగుంటే, అది రోజుకి రెండింతలవుతుంది. పంపు ఆడుతుంటే తను పడవెక్కి తెడ్డుతో నీళ్ళని చితక్కొట్టేవాడు, గాలి కలుస్తుందని.

బుధవారం మబ్బేసింది. ఎండ లేదు. అడుక్కి దిగిన చచ్చిన నాచు కుళ్ళడం మొదలుపెట్టింది. మీటరు ఒకటికి దిగింది. మధ్యాహ్నానికి కంపు లేచింది. మామూలు కంపు కాదది. కాకులు ముక్కులు రెక్కల కింద దాచుకుని నడిచిపోయాయని టైలరు చెప్పుకున్నాడు. కుర్చీలు ఎలా వచ్చాయో అలాగే పోయాయి. స్వెటరు ఆవిడ ఊలుండ గట్టు మీదే వదిలేసి పరుగెత్తింది.

"ఏం చేశావయ్యా!" అని టైలరు ముక్కుకి గుడ్డముక్క కట్టుకుని వచ్చి మరీ తిట్టాడు. "పెద్దాయన బంగారంలా చేసిపెడితే నువ్వొచ్చి చెయ్యి పెట్టావు. నీ చెయ్యి అలాంటిది!"

మామగారు ఆ మాట విని తల పంకించాడు. "నేనూ అదే అనుకుంటున్నా అల్లుడూ. తేటగా ఉన్నదాంట్లోకి ఆ పచ్చనీళ్ళెందుకు తోడావు? నువ్వు మంచివాడివే. కానీ నీళ్ళ సంగతి నీకు తెలియదు."

మారాజు పళ్ళు నూరుకున్న చప్పుడు పంపు చప్పుడులో కలిసిపోయింది. ఒక్క మాట అన్నాడు. "రేపు పొద్దున నాతో పడవెక్కుతారా మామయ్యా? ఒక్కణ్ణే వేస్తుంటే రెక్కలు పడిపోతున్నాయి."

గురువారం తెల్లారేసరికి మబ్బు విడిపోయింది. ఎండ నిగనిగలాడుతూ వచ్చింది. ఇద్దరూ పడవెక్కారు. మామగారు ముక్కు చిట్లించుకుని తెడ్డు పట్టాడు. మారాజు రెండో గుంట నీళ్ళు ఒక గాజు గ్లాసులో ముంచుకొచ్చి, పడవ చెక్క మీద, ఎండ తగిలేచోట పెట్టాడు. ఇద్దరూ తెడ్లు వేస్తున్నారు.

అరగంటకి మామగారి చూపు గ్లాసు మీద పడింది. ఆ పచ్చనీళ్ళలోంచి ఆవగింజలో నాలుగో వంతు లేని బుడగలు, ఒకదాని వెనక ఒకటి పైకి లేస్తున్నాయి. గాజుకి అంటుకుని కాసేపు ఆగి, మళ్ళీ లేస్తున్నాయి.

"ఇందులో ఏం కలిపావు?"

"ఏమీ కలపలేదు."

"మరి మరుగుతోందేం?"

"మరగడం లేదు మామయ్యా. ఊపిరి వదులుతోంది. ఆ పచ్చటిదే. ఆ ఊపిరితోనే కింద మిగతావన్నీ బతుకుతాయి."

మామగారు తెడ్డు ఆపేశాడు. మూడో గుంట నీళ్ళు దోసిట్లోకి తీసుకుని ఎండలోకి ఎత్తి చూశాడు. బూడిదరంగు. ఒక్క బుడగ లేదు. చాలాసేపు అలాగే పట్టుకుని ఉన్నాడు, నీళ్ళన్నీ వేళ్ళ సందుల్లోంచి కారిపోయేదాకా.

"అంటే నేను..." అన్నాడు.

"తెడ్డు వెయ్యండి మామయ్యా. ఎండ ఉండగానే తిప్పాలి."

ఆయన తెడ్డు అందుకున్నాడు. ఆ రోజు డెబ్భై రెండేళ్ళ మనిషి తెడ్డు వేసిన వేగానికి పడవ నీళ్ళ మీద కాదు, గాలిలో నడిచిందని టైలరు ఇప్పటికీ చెబుతాడు. తిండికి పిలిస్తే దిగలేదు. కూతురు గట్టు మీంచి అరిస్తే, "నీ మొగుడికి పెట్టు. నేను పనిలో ఉన్నా," అన్నాడు. సాయంత్రం మీటరు ఒకటీ ముప్పావు. తూము మూలలో, గట్టు నీడ పడనిచోట, నీళ్ళలో సన్నటి పచ్చజీర కనపడీ కనపడనట్టుంది. ఉందా, తన కళ్ళకే అలా ఉందా అని మారాజు పదిసార్లు వెళ్ళి చూశాడు. పదకొండోసారి వెళ్తే అక్కడ మామగారు అప్పటికే వంగి చూస్తున్నాడు.

శుక్రవారం పది గంటలకి మేడమ్ దిగింది. చేతిలో సీసాల పెట్టె. గట్టెక్కగానే ఆగి, వాసన చూసి, గుంట అంచున కూర్చుంది. చిన్న గరిటెతో అడుగు మట్టి తీసి చూసింది. మట్టి మీద తెల్లటి మడ్డి పేరుకుని ఉంది.

"పటిక," అంది. "దీంతోపాటు ఇంకేదో కూడా పడింది. పచ్చదనమంతా చచ్చిపోయి, మళ్ళీ ఇప్పుడిప్పుడే పుడుతోంది. ఎవరు వేశారు?"

గట్టు మీద ఐదుగురున్నారు. మేడమ్, మారాజు, భార్య, మామగారు, ముక్కుకి గుడ్డ కట్టుకుని టైలరు.

"నేనే మేడమ్," అన్నాడు మారాజు.

"ఎప్పుడు?"

"ఆదివారం."

మేడమ్ అతన్ని ఎగాదిగా చూసింది. "ఆదివారం పొద్దున్నుంచి సాయంత్రం దాకా పట్నంలో నా శిక్షణ క్లాసులో రెండో వరసలో కూర్చున్నారు మీరు. నేను పాఠం చెబుతుంటే ఆవలించారు కూడా. అక్కడ ఆవలిస్తూ ఇక్కడ మందు ఎలా వేశారు?"

టైలరు గుడ్డ చాటున కిసుక్కుమన్నాడు.

మామగారు ముందుకొచ్చాడు. నిన్నటి తెడ్డుకి అరచేతులు బొబ్బలెక్కి ఉన్నాయి. వాటిని వెనక్కి దాచుకున్నాడు.

"మా అల్లుడికి అబద్ధమాడటం రాదమ్మా. రెండేళ్ళుగా చూస్తున్నా. మందు నేను వేశా. తేటగా ఉంటే మంచినీళ్ళనుకునే మనిషిని. నలభై ఏళ్ళూ అదే అనుకున్నా. ఎవరూ నాకు చెప్పలేదు, నేనూ ఎవర్నీ అడగలేదు."

"నాన్నా..." అంది కూతురు.

"నువ్వుండమ్మా."

మేడమ్ కలం తీసింది. "పెద్దాయనా, జాగ్రత్తగా చెప్పండి. మందు వేసిన నీళ్ళు వాగులోకి ఎంతసేపు పోయాయి?"

మారాజుని ఐదు రోజులుగా ఇల్లూ, గట్టూ, వాగూ తిప్పిన ప్రశ్న అదే.

మామగారు నిటారుగా నిలబడ్డాడు. ఆ వారంలో మొదటిసారి ఆయన గొంతులో పాత క్లబ్బు గొంతు పలికింది. "పోవడమా? మందు వేసేముందు బయటికి పోయే దారి మూసెయ్యాలి. మా పనిలో మొదటి రోజు నేర్పేది అది. శనివారం సాయంత్రం పలకలు దించా. సందుల్లో నా పాత తువ్వాలు రెండు ముక్కలు చేసి కుక్కా. తెల్లవారుజామున చుక్క కారడం లేదని చూసుకున్నాకే బస్తా విప్పా. కావాలంటే చూసుకోండి."

మేడమ్ వెళ్ళి చూసింది. తూము అవతల కాలవ ఎండి, అడుగు బురద పగుళ్ళిచ్చి ఉంది. తర్వాత మారాజు పుస్తకం అడిగింది. సోమవారం మధ్యాహ్నం నుంచి గంట గంటకీ అంకె. అంకె పక్కన ఒక్కోచోట నీళ్ళ మరక, ఒకచోట అన్నం మెతుకు. పేజీలు తిప్పుతూ తిప్పుతూ, "నిద్రపోలేదా మీరు?" అంది.

"ఎక్కడ మేడమ్!" అంది భార్య. "కూర్చోనూ లేదు."

"ఇవాళ శాంపిలు తీస్తే ఫెయిలవుతుంది," అంది మేడమ్. "అయితే నేను తియ్యాల్సింది తూములోంచి బయటికి పోయే నీళ్ళు. బయటికి చుక్క పోనప్పుడు దేన్ని తీస్తాను? మూడు వారాలు తూము తెరవకుండా నీళ్ళు ఆపగలరా?"

అతను గట్టు వైపు చూశాడు. మూడు గుంటలూ కలిపి లెక్క వేసుకున్నాడు. "జానెడు ఖాళీ ఉంది మేడమ్. వాన రాకపోతే ఆగుతుంది."

"మూడు వారాలకి వస్తాను. ఈసారి ఎవరూ ఏమీ కలపకూడదు." చివరి మాట మామగారి వైపు చూసి అంది.

"నాకు చెబుతున్నారా?" అన్నాడాయన. "ఇంకెవరైనా వస్తే తెడ్డుతో తరుముతా."

ఆ మూడు వారాలూ మారాజుకి ఇంకో రకం కునుకులేమి. ఇప్పుడు మీటరుకి తోడు ఆకాశం కూడా చూడాలి. చిన్న మబ్బు కనపడితే చాలు, గట్టు మీద పాతిన కర్రకి నీళ్ళు ఎంత దూరంలో ఉన్నాయో వేళ్ళతో కొలిచేవాడు. నాలుగు వేళ్ళు. మూడు. రెండు. ఒకరోజు చినుకులు పడ్డాయి. మామా అల్లుళ్ళిద్దరూ చెరో గొడుగూ పట్టుకుని గట్టు మీదికి పరుగెత్తారు. మూడు గుంటలకీ ఆ రెండు గొడుగులు పట్టేద్దామనుకున్నారని టైలరు ఊరంతా చాటాడు. చినుకులు పావుగంటలో ఆగిపోయాయి. వాళ్ళు మాత్రం గంటసేపు గొడుగులు దించలేదు.

మేడమ్ వచ్చే రోజు. మారాజు తెల్లారకముందే లేచాడు. పడవ గట్టున లేదు. చెప్పులు కూడా లేకుండా పరుగెత్తాడు.

మూడో గుంట మధ్యలో పడవ ఉంది. పడవలో మామగారు, తాడుకి ఏదో కట్టి నీళ్ళలోకి దించుతున్నాడు. దించడం, వంగి చూడటం, పైకి లాగడం, మళ్ళీ దించడం.

"మామయ్యా! ఏం వేస్తున్నారు?"

"ఏమీ వెయ్యడం లేదు. చూస్తున్నా!" గుంట మీంచి ఆయన గొంతు సంబరంగా వచ్చింది. "జానెడు లోతు కూడా పోలేదు, పచ్చలో మాయమైపోయింది! కనపడటం లేదు అల్లుడూ! అసలేమీ కనపడటం లేదు!"

తాడు పైకి లాగాడు. చివర గడియారం నీళ్ళోడుతూ ఊగింది.

"అన్నట్టు, ఇది రిపేరై వచ్చింది," అన్నాడు మామగారు. "నడవదు గానీ, దించి చూడటానికి పనికొస్తుంది. మీటరు పట్టుకుని తొందరగా రా. ఆవిడ వచ్చేలోగా ఇంకోసారి చూద్దాం."

మారాజు మీటరు కోసం ఇంట్లోకి పరుగెత్తాడు.